వాపస్

మా తమ్ముడు రాజేందర్ జీవితంలో ఒక్కసారి కూడా మంచు చూడలేదు. ఫ్రిజ్‌లో పేరుకున్నదాన్ని చెంచాతో గీకి నోట్లో వేసుకోవడం తప్ప వాడికీ మంచుకీ ఏ చుట్టరికమూ లేదు. అలాంటివాడు మంచు మీద జారే పలక కావాలని, అదీ అమెరికాలో ఏదో కొండ కింద ఉన్న దుకాణం నుంచి తెప్పించమని నెల రోజులు నా ప్రాణం తోడేశాడు.

"ఈడ దొరకదారా?" అన్నాను.

"ఈడ క్రికెట్ బ్యాట్లు దొరుకుతయక్కా. స్నోబోర్డు ఎవడమ్ముతడు?"

"తెచ్చుకొని ఏం జేస్తవ్? లింగంపల్లి స్టేషన్ మెట్ల మీద జారుతవా?"

"జనవరిల గుల్మార్గ్ పోతున్నం. నలుగురం. టికెట్లు గూడ అయినయ్."

"ఆడ కిరాయికి ఇస్తరంట గద?"

"కిరాయి బూట్లేసుకొని ఎవడన్న పెండ్లికి పోతడా అక్కా?"

వాడితో మాట్లాడి గెలవడం నా వల్ల కాదు. పైగా ఆ పిచ్చి ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మాది నానక్‌రామ్‌గూడ. టవర్లు రాకముందు ఊరి వెనక పెద్ద జారుడుబండ ఉండేది. పిల్లలందరం తాటిమట్ట మీద కూర్చుని, ముందున్నవాళ్ళ నడుం పట్టుకుని జారేవాళ్ళం. రాజేందర్ ఒక్కడే నిలబడి జారేవాడు. వాడి వెనక నిలబడి నెట్టడం నా పని. "నెట్టక్కా!" అని అరిచేవాడు. నెట్టేదాన్ని. ఒక్కసారి కూడా పడలేదు.

ఆ బండను కంపెనీలవాళ్ళు మందుపెట్టి పేల్చారు. వారం రోజులు మా ఇంటి గోడలు అదిరాయి, అరలోని గిన్నెలు కింద పడ్డాయి. కొన్నేళ్ళకు సరిగ్గా అక్కడే అద్దాల టవర్ లేచింది. అందులో నాలుగో అంతస్తులో, పాడైన కంప్యూటర్లు చూసే ఉద్యోగం మా తమ్ముడికి దొరికింది. "మన బండ మీదనే కూసుంటున్న అక్కా, జారనిస్తలేరు గంతే" అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

రెండువేల పదకొండు ఆగస్టులో ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని ఆర్డరు పెట్టాం. వాడి కార్డును ఆ దుకాణం ఒప్పుకోలేదు. నా కార్డును ఒప్పుకుంది. అలా మెయిల్ కూడా నాదే ఇవ్వాల్సి వచ్చింది. ఖాతాలో పేరు, ఫోన్ నంబరు మాత్రం వాడివే. మా గల్లీ దొరకక కొరియర్ వాళ్ళు ప్రతిసారీ సగం దారిలోంచే వెనక్కి పోతారు కాబట్టి, చిరునామా నా పేరుతో మాదాపూర్‌లోని మా ఆఫీసుది రాశాను. బూట్ల కొలత వాళ్ళకు సెంటీమీటర్లలో కావాలట. దినపత్రిక ఒకటి నేల మీద పరిచి, వాడిని కుడిపాదం పెట్టమని, చుట్టూ పెన్సిల్‌తో గీశాను. ఆ పేజీ నిండా రాజీనామాలు, ధర్నాలు, లాఠీచార్జీలు. వాటి మధ్యలో మా వాడి పాదం.

"ఇంకోటున్నదక్కా. బోర్డు మీద ఏ కాలు ముందు పెడ్తమో ఎర్కుండాలె. నన్ను ఎనుకనించి నెట్టు. చెప్పకుండ నెట్టాలె."

టీ కలుపుతూ, వాడు మరిచిపోయిన సమయం చూసి నెట్టాను. కుడికాలు ముందుకు పడింది.

"నేను కుడికాలోన్ని!" అని ఇల్లంతా చాటుకుంటూ తిరిగాడు. మా అమ్మ ఎల్లమ్మ బియ్యం చెరుగుతూ, "ఎన్నడో ఎర్క నాకు. నడక నేర్సినప్పుడే కుడికాలేసినవ్" అంది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకొకసారి నా ఫోన్‌కు మెయిళ్ళు వచ్చేవి. పంపేది దుకాణం, చదివేది నేను, పిలిచేది మాత్రం వాడిని. 'రాజేందర్, నీ బోర్డు బయలుదేరింది!' 'రాజేందర్, నీ బోర్డు ముంబై చేరింది!' నేను పెద్దగా చదివితే వాడు కళ్ళు మూసుకుని వినేవాడు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల తెలంగాణ సంఘంలో నేను ముందువరుస మనిషిని. మధ్యాహ్నం భోజనం మానేసి సైబర్ టవర్స్ దగ్గర ప్లకార్డులు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని మనసులో పట్టీ రాసుకునే రకం నేను. రాని వాళ్ళతో మరునాడు మాట్లాడేదాన్ని కాదు. అప్పట్లో దాన్ని పట్టుదల అనుకునేదాన్ని. ఇప్పుడు దాని పేరు పొగరు అని తెలుసు.

ఒక గురువారం మానవహారం పెట్టాం. మా తమ్ముడు వాళ్ళ ఆఫీసు నుంచి ఇరవై మందిని తీసుకొస్తాడని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. వాడు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. చేతులు పట్టుకుని నిలబడ్డ చోట నా పక్కన ఖాళీ కనబడుతూనే ఉంది. "ఏందమ్మా, మీ తమ్మునికి తెలంగాణ అక్కర లేదా?" అని ఎవరో నవ్వారు. నా మొహం మాడిపోయింది.

మూడు గంటలకు వాడే ఫోన్ చేశాడు. "అక్కా, బోర్డు మీ ఆఫీసుకొచ్చిందంట! మెసేజ్ చూసినవా?"

మానవహారం మాట లేదు. రాలేదన్న మాట లేదు. మొదటి మాటే బోర్డు.

"ఊరంత రోడ్డు మీదున్నదిరా! పిల్లలు పానాలు తీసుకుంటున్నరు. నీకు మంచు గావాల్నా? సిగ్గు లేదా?"

"అక్కా, జర ఇను..."

వినలేదు. ఫోన్ కట్ చేసి, గేటు దగ్గర సెక్యూరిటీలో ఉండే మొగిలికి ఇంటర్‌కమ్ కొట్టాను. మొగిలిది జనగామ వైపు. మా ఆఫీసుకు వచ్చే పార్శిళ్ళన్నీ సంతకం పెట్టి తీసుకునేది ఆయనే.

"మొగిలన్నా, నా పేరు మీద వచ్చిన పార్శిల్ నాకొద్దు. వాపస్ పంపియ్."

"గింత పొడుగున్నది మేడం. బోర్డని రాసున్నది..."

"వాపస్ అన్న గద!"

అంతే. మూడు అక్షరాల మాట. ఆ సాయంత్రం సంఘం మీటింగ్ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి వాడు అన్నం తిని పడుకున్నాడు. పొద్దున ఎనిమిది గంటలకు వంటింట్లోంచి పిలిచాడు.

"అక్కా, చాయ్ తాగుతవా?"

నేను జడ వేసుకుంటున్నాను. విన్నాను. జవాబు చెప్పలేదు. చెబితే కోపం పోయిందనుకుంటాడని పళ్ళు బిగబట్టాను. కాసేపు ఆగి, ఒక కప్పు నా గది గడప దగ్గర పెట్టి వెళ్ళాడు.

తొమ్మిదిన్నరకు వార్త వచ్చింది. టవర్ దగ్గర మలుపులో, టిప్పర్ నుంచి రోడ్డు మీద రాలిన ఇసుక మీద రాజేందర్ బండి జారింది. అంత పెద్ద బండ మీద నిలబడి జారినవాడు చారెడు ఇసుక మీద పడి చనిపోయాడు. నేను పరుగెత్తేటప్పుడు గడప దగ్గరి కప్పు నా కాలికి తగిలి పగిలింది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. మా వైపు మనిషి పోతే అతనికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. పిట్ట అంటే కాకే. ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. జారుడుబండ అంతా పోయినా, టవర్ ప్రహరీకి ఇవతల మంచమంత ముక్క ఒకటి మిగిలింది. దాని మీద ఆకు పరిచి మటన్, ఉడికించిన గుడ్డు, వాడికి ఇష్టమైన పచ్చిపులుసు, పక్కన వాడి ఫోన్ పెట్టాం. నాన్నకు అన్న, మా పెద్దబాపు లక్ష్మీనారాయణ తువ్వాలు ఊపుతూ "కావ్, కావ్" అని పిలిచాడు.

కాకులు లేవా అంటే ఉన్నాయి. టవర్ అంచు మీద వరుసగా కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"పెండ్లి గాలే పోరనికి. గదే రంది" అన్నాడు పెద్దబాపు. వాడి దోస్తులు దండం పెట్టి, "నీ పేరు మీద గుల్మార్గ్ పోయొస్తంరా" అన్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట ఇచ్చారు. కాకులు కదల్లేదు.

మా అమ్మ మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. "వానికేం గావాల్నో వానికెర్క. ఆగుదాం" అంది. ఎవరి వైపూ చూడలేదు.

నాకు తెలుసు. అక్కడున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను. వాడికి కావలసింది సముద్రం దాటి మా గేటు దాకా వచ్చింది. నేను వాపస్ పంపాను.

ఐదో రోజు మళ్ళీ పెట్టాం. మళ్ళీ అంతే. అందరూ తలెత్తి కాకుల వైపు చూస్తుండగా నా చేతిలోని ఫోన్ మోగింది. దుకాణం నుంచి మెయిల్. 'రాజేందర్, బూట్లు సరిపోయాయా? మొదటిసారి జారినప్పుడు ఎలా అనిపించింది? మాకు చెప్పవూ!'

ఫోన్‌ను కొంగులో దాచుకున్నాను. ఎవరో చూస్తారని కాదు. వాడు చదువుతాడని.

అప్పటినుంచి ఇంట్లో వాడు తిరగడం మొదలుపెట్టాడు. కనబడేవాడు కాదు. పొద్దున ఎనిమిదయ్యేసరికి వంటింట్లోంచి గొంతు వచ్చేది. 'అక్కా, చాయ్ తాగుతవా?' స్పష్టంగా, మామూలుగా. పరుగెత్తి చూస్తే స్టవ్ ఆరిపోయి ఉండేది. బీరువాలో కొరియర్ కాగితాలు వెతుకుతుంటే ఆ దినపత్రిక దొరికింది. పెన్సిల్ గీత చెరగలేదు. అందులో నా పాదం పెట్టి చూశాను. చుట్టూ బోలెడంత చోటు మిగిలింది. ఆ క్షణాన నా వీపు వెనక కాదు, ముందు ఎవరో నిలబడ్డట్టయింది. నేను నెట్టాలని ఎదురుచూస్తూ. పేపర్ అక్కడే పడేసి బయటికి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. భయమేసిందని చెప్పలేదు. అమ్మా అడగలేదు.

ఊళ్ళో బతుకమ్మ పాటలు వినబడుతున్నాయి. మా వాకిట్లోకి ఎవరూ రావడం లేదు. కొరియర్ ఆఫీసుకు రోజుకు పదిసార్లు ఫోన్ చేశాను. మోగడమే గాని ఎత్తేవాళ్ళు లేరు. ఏ సమ్మెకు రాలేదని తమ్ముడి మీద అరిచానో, ఆ సమ్మెలోనే నాకు జవాబు చెప్పే మనిషి దొరకలేదు.

ఎనిమిదో రోజు ఉండబట్టలేక బయలుదేరాను. షేర్ ఆటో గచ్చిబౌలి దాకానే పోయింది. ముందు రాస్తారోకో. దాంట్లో నాకు తెలిసినవాళ్ళున్నారు, చేయి ఊపారు. తలదించుకుని వాళ్ళ మధ్యలోంచి మాదాపూర్ దాకా నడిచాను.

మొగిలి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "గిట్లయితదనుకోలే మేడం" అన్నాడు.

"మొగిలన్నా, ఆ పార్శిల్ ఏ రోజు వాపస్ పంపినవ్? కాగితమేమన్న ఉన్నదా?"

ఆయన అటూ ఇటూ చూసి, "రాండ్రి" అని జనరేటర్ గదికి తీసుకెళ్ళాడు. నీళ్ళ క్యాన్ల వెనక, గోనెపట్టా కప్పి, నా ఎత్తు డబ్బా నిలబెట్టి ఉంది. పక్కన బూట్ల పెట్టె. గోడ పట్టుకున్నాను.

"మన బోర్డనుకున్న మేడం" అన్నాడు సిగ్గుపడుతూ. "ఎటు జూసిన బోర్డుల మీద ఆంధ్ర అని చెరిపేసి తెలంగాణ అని రాస్తున్నరు గద. మీరేమో మీటింగులల్ల తిరుగుతరు. కంపెనీకి గూడ బోర్డు చేపిచ్చిన్రు, మళ్ళ మేనేజర్ జూస్తడని భయపడి వాపస్ అంటున్నరు అనుకున్న. ఎవ్వల కండ్ల పడొద్దని ఈడ దాసిన."

ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. తెలంగాణ బోర్డు అమెరికా నుంచి తెప్పించానని నమ్మి, దానికోసం ఉద్యోగం పోయినా పర్వాలేదనుకున్న మనిషి.

"అందుకే పంపలేదా?"

మొగిలి తల అడ్డంగా ఊపాడు. "కాదు మేడం. పంపకుమన్నది మీ తమ్ముడు."

"వాడెప్పుడొచ్చిండు?"

"ఆ పొద్దే. సాయంత్రం ఐదు గంటలకు. మీరు మీటింగ్‌కు పోయిన్రు. 'అక్క పార్శిల్ ఇయ్యన్నా' అన్నడు. మేడం వాపస్ అన్నది తమ్మీ, నేను ఇయ్యలేను అన్న. నవ్విండు. 'పంపకన్నా. మా అక్కకు కోపం జల్ది వస్తది, జల్ది పోతది. రెండు దినాలల్ల ఆమెనే వచ్చి అడుగుతది సూడు' అన్నడు. డబ్బాను గిట్ల ఒక్కపాలి నిమిరి పోయిండు."

అడగడానికి నేను వచ్చాను. రెండు రోజులు కాదు, ఎనిమిది రోజులు పట్టింది.

ఆటోలో డబ్బా సగం బయటికి పొడుచుకుని వచ్చింది. ఇంటికి తెచ్చి గోడకు ఆనించాను. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. ఏమీ అడగకుండా బిందె పక్కకు జరిపి దానికి చోటు చేసింది. నోటిదాకా వచ్చిన మాట నేనూ మింగేశాను. పదో రోజు బోర్డు పెడితే కాకి ముడుతుంది, వాడి కోరిక తీరుతుంది, నేను చెప్పాల్సిన అవసరమే రాదు. అంత లెక్క వేసుకున్నాను, సిగ్గులేకుండా.

పదో రోజు. బండ ముక్క మీద బోర్డు పరిచాం. నల్లటిది, మధ్యలో తెల్లగీత. ముందు బూట్లు. ఆకులో అన్నం, మటన్, గుడ్డు, పచ్చిపులుసు. టవర్ అద్దాల మీద ఎండ పడి బోర్డు తళతళలాడింది. "గిదేంది, ఇస్త్రీ బల్లనా?" అన్నాడు పెద్దబాపు. వాడి దోస్తులు వివరించారు. "గట్లనా! గిదేనన్నమాట!" అని ఆశగా తువ్వాలు ఊపాడు.

కాకులు అంచు మీద కూర్చున్నాయి. పావుగంట. అరగంట. దిగలేదు.

ఇంకేం ఇవ్వాలిరా నీకు?

"ఇగ లాభం లేదు. ఆవును తోలుకొస్త, దానికి పెట్టి కానిద్దాం" అని పెద్దబాపు లేచాడు. ఆవుకు పెడితే పని ముగుస్తుంది. వాడి కోరిక ఏమిటో తేలకుండానే ముగుస్తుంది. దోస్తులూ ఆయన వెంట నడిచారు. బండ దగ్గర అమ్మా నేనూ మిగిలాం.

"జర జల్ది రాకు బావా. ఇంకింతసేపు ఆగుదాం" అని అమ్మ వెనక నుంచి చెప్పింది. చెప్పి, నా వైపు చూడకుండా నేల వైపు చూస్తూ కూర్చుంది. ఎందుకు ఆగమంటుందో నాకు అర్థం కాలేదు. కానీ ఇంక నా వల్ల కాలేదు.

"అమ్మా, ఇది వాడు బతికున్నప్పుడే వచ్చింది" అన్నాను. "వచ్చినరోజే నేను వాపస్ పంపమన్న. కోపంతోని. వాడొచ్చి అడిగితే ఇయ్యలేదంట. ఉత్త చేతులతోని పోయిండంట. తెల్లారి చాయ్ తాగుతవా అంటే గూడ పలుకలే అమ్మా. నేను పలుకలే."

అమ్మ నా తల పట్టి తన భుజానికి ఆనించుకుంది.

"నాకెర్కనే బిడ్డా."

"ఏమెర్క?"

"ఆ పొద్దే ఇంటికొచ్చి చెప్పిండు. నాకు మస్తు కోపమొచ్చింది. రానియ్, దాన్ని గట్టిగ అడుగుత అన్న. 'వద్దమ్మా, నువ్వడగకు. అక్కనే చెప్తది' అన్నడు. నాతోని ఒట్టేపిచ్చుకున్నడు. పది దినాలాయె. వాని కడమాట అది. ఎట్ల తప్పాలె? నువ్వే చెప్తవని సూసుకుంట కూసున్న."

నేను ఏడ్చాను. అప్పటిదాకా పదిమందిలో ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. అమ్మ కూడా ఏడ్చింది. ఎంతసేపో తెలియదు. బండ వైపు మేమిద్దరం చూడనేలేదు.

పెద్దబాపు ఆవును తోలుకుని వచ్చి, "అరే, ముట్టిందే!" అని కేక వేసినప్పుడు తలెత్తాం. ఆకులో గుడ్డు లేదు. అన్నం చెదిరి ఉంది. పచ్చిపులుసులో తడిసిన చిన్న చిన్న గోళ్ళ గుర్తులు నల్లటి బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఉన్నాయి. ఆ బోర్డు మీద మొదట నిలబడ్డ కాళ్ళు అవే. అమ్మ వాటిని కడగనివ్వలేదు.

ఊరివాళ్ళు సంతోషించారు. వాడి కోరిక తీరిందన్నారు.

మరునాడు పొద్దున ఏడున్నరకే వంటింట్లోకి వెళ్ళి స్టవ్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. జవాబు సిద్ధం చేసుకున్నాను. 'తాగుతరా, జర అల్లం ఎక్కువెయ్.' ఎనిమిదయింది. ఎనిమిదింపావు అయింది. గొంతు రాలేదు. తొమ్మిది దాటాక అమ్మ వచ్చి నన్ను చూసి, రెండు కప్పుల నీళ్ళు పోసి స్టవ్ వెలిగించింది.